ముప్ఫయి ఏడు పళ్ళు

ఈ శీర్షిక కింద నెలనెలా మాటలను గురించే వ్రాస్తూ వచ్చాను. ఈసారి ఒక ఇరుసును గురించి వ్రాయబోతున్నాను. ఇంగ్లీషు సాహిత్యం చదువుకొని, అనువాదాలు చేసుకుంటూ రోజులు వెళ్ళబుచ్చే మనిషికి మోటారు బండి వెనక ఇరుసుతో ఏమి పని అని చదువరులు అడగవచ్చు. 2023 శరదృతువు దాకా నేనూ అదే అడిగి ఉండేదాన్ని.

ఆ సంవత్సరం సెప్టెంబరు, అక్టోబరు నెలలు నేను అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని ఇర్వింగ్‌లో, మా తమ్ముడి ఇంట్లో గడిపాను. డల్లస్ నగరాన్ని ఆనుకొని ఉన్న ఊరు అది. తెలుగువాళ్ళకు కొదవ లేదు. తమ్ముడి ఇంటికి మూడిళ్ళ అవతల ఎనభై దాటిన పెద్దాయన ఒకరు ఒంటరిగా ఉంటారు. ఆయన షెడ్డులో 1951 నాటి షెవర్లే పికప్ ట్రక్కు ఒకటి ఏళ్ళ తరబడి దుమ్ము కొట్టుకొని పడి ఉండేది. ముదురు ఆకుపచ్చ రంగు, గుండ్రని బుగ్గలవంటి మడ్గార్డులు. అబిలీన్ దగ్గరి పల్లెలో పత్తి పండించే రోజులలో ఆయన తండ్రి దానిని కొత్తగా కొన్నారట. అప్పటికి ఈయన పదేళ్ళ కుర్రవాడు.

2021లో ఆయన దానిని మా తమ్ముడికి అమ్మారు. ధర విషయంలో బేరం లేదు కాని, రెండు షరతులు పెట్టారు. ఒకటి: బండిని కోయకూడదు. రెండు: అది నడిచే స్థితికి వచ్చాక, తాను బ్రతికి ఉండగానే, అందులో తనను ఒక్కసారి తన తండ్రి సమాధి దాకా తీసుకొని వెళ్ళాలి. ఇర్వింగ్ నుంచి అబిలీన్ ఇంచుమించు 180 మైళ్ళు, అంటే 290 కిలోమీటర్లు.

తమ్ముడు రెండింటికీ తల ఊపాడు. ఇంజనును బాగుచేయించాడు. బ్యాటరీ పెట్టాడు. బండి కదిలింది. అసలు చిక్కు అప్పుడు బయటపడింది. 45 మైళ్ళ వేగం దాటేసరికి ఇంజను గోల భరించరానిదిగా ఉండేది. 50 దగ్గర అద్దాలు గజగజలాడేవి. ఆ దారిన పోయే రహదారిలో, పడమటికి వెళ్ళేకొద్దీ, కార్లకూ భారీ లారీలకూ 75 మైళ్ళ వేగం అనుమతి. అటువంటి ప్రవాహంలో 45తో ప్రాకే బండి తనకే కాదు, వెనక వచ్చేవారికీ ప్రమాదమే. ఎనభై దాటిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకొని అటువంటి సాహసం ఎవరు చేస్తారు?

ఇంతకూ ఇంజనులో దోషం లేదు. దోషమంటూ ఉంటే అది వెనక ఇరుసులో ఉన్నది. దోషమని కూడా అనకూడదు. 1951లో ఆ ఇరుసు తన పని తాను సరిగానే చేసింది.

ఇక్కడ కొంచెం యంత్రశాస్త్రం చెప్పక తప్పదు. మన ఎద్దుబండికి ఇరుసు కదలదు. చక్రాలే దాని చుట్టూ వేటికవి తిరుగుతాయి. అందుచేత మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోయినా బండికి ఇబ్బంది లేదు. మోటారు బండిలో ఇంజనే చక్రాలను త్రిప్పాలి గనుక ఆ సౌకర్యం పోయింది. దానిని తిరిగి సంపాదించడానికి రెండు చక్రాల నడుమ ఒక గుండ్రని పెట్టెలో పళ్ళచక్రాల అమరిక పెట్టారు. డిఫరెన్షియల్ అంటే అదే. ఇంజను నుంచి వచ్చే కడ్డీ చివర చిన్న పళ్ళచక్రం, అనగా పినియన్, ఉంటుంది. అది పెద్ద పళ్ళచక్రాన్ని త్రిప్పుతుంది. అమెరికావారు దానిని రింగ్ గేరు అంటారు. మన షెడ్లలో క్రౌన్ అంటారు. నాకు మనవారి మాటే నచ్చింది. నిజంగానే అది బోర్లించిన కిరీటంలాగా ఉంటుంది.

ఆ ట్రక్కులో క్రౌనుకు 37 పళ్ళు, పినియనుకు 9. ముప్ఫయి ఏడును తొమ్మిదితో భాగిస్తే 4.11 వస్తుంది. అంటే కడ్డీ నాలుగు చుట్లకు పైగా తిరిగితే గాని చక్రం ఒక్క చుట్టు తిరగదు. ముప్ఫయి ఆరు పెట్టి లెక్క సరిగ్గా నాలుగు చేయకూడదా అని నేను అడిగాను. చేయకపోవడానికి కారణం ఉన్నది. 36ను 9 నిశ్శేషంగా భాగిస్తుంది గనుక, పినియన్‌లోని ఒక పన్ను ఎప్పుడూ క్రౌనులోని ఆ నాలుగు పళ్ళనే కలుసుకుంటూ ఉంటుంది. ఒక పంటికి చిన్న గాటు ఉంటే ఆ నాలుగే అరిగిపోతాయి. 37కూ 9కీ ఉమ్మడి భాజకం లేదు. కనుక ప్రతి పన్నూ ప్రతి పంటినీ వరుసగా కలుసుకుంటుంది. అరుగుదల అందరికీ సమానంగా పంచబడుతుంది. ఈ సంగతి విన్న రోజు రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఎవరో అజ్ఞాత ఇంజనీరు ఇంత శ్రద్ధ పెట్టాడు కదా అని!

ఇక లెక్క. ఆ బండి టైరు వ్యాసం 28 అంగుళాలు అనుకుందాం. అటువంటి చక్రం ఒక మైలు దూరానికి 720 చుట్లు తిరుగుతుంది. గంటకు 60 మైళ్ళంటే నిమిషానికి ఒక మైలు. కాబట్టి చక్రం నిమిషానికి 720 చుట్లు, దానిని 4.11తో హెచ్చవేస్తే ఇంజను సుమారు 2960 చుట్లు. పై గేరులో కడ్డీ, ఇంజను ఒకే వేగంతో తిరుగుతాయి గనుక ఈ లెక్క సరిపోతుంది. ఈనాటి కారుకు మూడు వేల చుట్లు ఒక లెక్క కాదు. కాని ఆ ట్రక్కులోనిది 216 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్ల పాత ఇంజను. సుమారు 90 అశ్వశక్తులు. 3300 చుట్ల చాయలకు వచ్చేసరికి దాని శక్తి అయిపోయినట్లే. పైగా దాని కనెక్టింగ్ రాడ్లకు ఉన్నవి బాబిట్ లోహం కరిగించి పోసిన మెత్తని బేరింగులు. రాడ్ల అడుగున చిన్న గరిటెలు ఉండి, అవి తొట్టెలోని నూనెను చిమ్ముకుంటూ బేరింగులను తడుపుతాయి. నింపాదిగా నడిచినంత కాలం తరాల తరబడి నడుస్తుంది. గంటల తరబడి పరుగెత్తిస్తే ఓర్చుకోలేదు. 1951లో మట్టి రోడ్ల మీద పత్తి బరువుతో వెళ్ళే బండికి కావలసింది లాగే బలమే గాని పరుగు కాదు. 4.11 ఆ కాలానికి తగిన సంఖ్య.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన ఒక అవమానం కూడా జరిగింది. "అక్కా, మనకు కావలసింది హై గేరు ఇరుసు" అని తమ్ముడు అంటే, పెద్ద సంఖ్య కావాలి కాబోలు అనుకొని నేను 4.56 అని వ్రాసి ఉన్న ప్రకటనలకు గుర్తులు పెట్టి కూర్చున్నాను. ఆ వ్యాపారపు భాషలో హై గేరు అంటే చిన్న సంఖ్య. సంఖ్య తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది, లాగే బలం తగ్గుతుంది. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషును తెలుగు చేస్తున్న నాకు ఇది ఏ నిఘంటువులోనూ కనబడలేదు.

తమ్ముడు చేసిన పొరపాటు ఇంకొంచెం ఖరీదైనది. 2022లో, ఎవరినీ అడగకుండా, తుక్కు వాహనాల దొడ్డిలో ఒక చిన్న పికప్‌కు చెందిన వెనక ఇరుసును 200 డాలర్లకు కొని తెచ్చాడు. బాగున్నది, చవక, తుప్పు లేదు, నిష్పత్తి 3.08. ఇంటికి తెచ్చాక కొలిచాడు. ఆ చివరి నుంచి ఈ చివరికి దాదాపు 54 అంగుళాలు. వెడల్పాటి మడ్గార్డుల లోపల ఆ చక్రాలు తాతగారి చొక్కా తొడుక్కున్న పిల్లవాడి చేతులలాగా ఎక్కడో లోపలికి పోయాయి. ముందు కొలిచి తరువాత కొనాలన్నది వడ్రంగి మొదటి పాఠం. మా తమ్ముడు కంప్యూటర్ల వాడు.

వెడల్పు కుదిరి ఉన్నా ఆ ఇరుసు పనికివచ్చేది కాదు. 3.08తో 60 మైళ్ళ దగ్గర ఇంజను 2220 చుట్లే తిరుగుతుంది, నిజమే. కాని 4.11తో పోలిస్తే చక్రం దగ్గర బలం నాలుగో వంతు పడిపోతుంది. 90 అశ్వశక్తుల ఇంజనుతో, మూడే గేర్లున్న బండిలో, ప్రతి ఎత్తులోనూ రెండో గేరుకు దిగవలసి వస్తుంది. దిగిన తరువాత ముందటి గోలే మళ్ళీ మొదలు. చుట్లు తగ్గితే చాలు అనుకొని చిన్న సంఖ్య వైపు పరుగెత్తేవారు చాలామంది ఇక్కడే దెబ్బ తింటారట.

నేను వెళ్ళేసరికి ఆ ఇరుసు షెడ్డు మూల పడి ఉన్నది. పెద్దాయన ఆరోగ్యం అప్పటికి బాగా తగ్గింది. వైద్యులు చలికాలం మాట ఎత్తడం లేదు. తమ్ముడు తొందరపడుతున్నాడు. రెండో తప్పు చేయడానికి వ్యవధి లేదు.

సాయంత్రాలు భోజనాల బల్ల మీద కాగితాలు పరచుకొని కూర్చునేవాళ్ళం. ముందు ఫోర్డు తొమ్మిదంగుళాల ఇరుసును గురించి విన్నాం. 1957 నుంచి 1986 దాకా ఫోర్డు కార్లకూ పికప్పులకూ వేసినది. పాతబండ్ల వారందరూ దానిని కీర్తిస్తారు. లోపలి పళ్ళచక్రాల ముద్ద మొత్తం ముందు వైపు నుంచి ఊడి వస్తుంది. నిష్పత్తి మార్చడం సులువు. బలానికి సాటి లేదు. కాని అది పందెపు కార్ల బలం. పినియన్ చాలా క్రిందుగా అమర్చి ఉండడం వల్ల పళ్ళు ఒకదానిపై ఒకటి ఎక్కువ జారుతూ తిరుగుతాయి, ఆ రాపిడికి కొంత శక్తి ఖర్చు. మా దగ్గర ఖర్చు పెట్టడానికి ఉన్నదే 90 గుర్రాలు. ధర కూడా ఎక్కువ. దానిని అక్కడికే వదిలేశాం.

మనసు లాగింది మరొక ఇరుసు మీదికి. ఫోర్డు ఎక్స్‌ప్లోరర్ బండ్లకు 1995 నుంచి 2001 వరకు వచ్చిన 8.8 అంగుళాల ఇరుసు అది. వెడల్పు ఇంచుమించు 60 అంగుళాలు, మా ట్రక్కుకు దాదాపు అతికినట్లు సరిపోతుంది. చక్రాలకు డిస్కు బ్రేకులు. నిష్పత్తి 3.73 ఉన్నవి తేలికగా దొరుకుతాయి. ఫోర్డు ఇరుసు షెవర్లేకు వేయడం బద్ధశత్రువుల ఇళ్ళ మధ్య వియ్యం లాంటిదే గాని, పెళ్ళిళ్ళు అలా కూడా కుదురుతాయి.

ఒక్క ఇరుసుతో పని పూర్తి కాదని ఆ తరువాత తెలిసింది. 1954 దాకా ఈ షెవర్లే అరటన్ను ట్రక్కులలో తిరిగే కడ్డీ బయటికి కనబడదు. అది ఒక బలమైన గొట్టం లోపల తిరుగుతుంది. టార్కు ట్యూబు అంటారు. ఆ గొట్టం ఒక కొన ఇరుసుకు గట్టిగా బిగించి ఉంటుంది, రెండో కొన గేరుపెట్టె వెనక బంతి కీలులో కూర్చుంటుంది. ఎక్స్‌ప్లోరర్ ఇరుసుకు ఆ గొట్టం బిగించే చోటే లేదు. కనుక గొట్టం పోవాలి. గొట్టం పోతే దానికోసం చేసిన గేరుపెట్టె కూడా పోవాలి. దాని స్థానంలో అయిదు గేర్ల పెట్టె వేస్తారు. అయిదో గేరు ఇంజను చుట్లను నాలుగింట మూడు వంతులకు దించుతుంది. 3.73ను ముప్పావుతో హెచ్చవేస్తే 2.80. అంటే 60 మైళ్ళ దగ్గర ఇంజను సుమారు రెండు వేల చుట్లతో, పాటలు వినగలిగినంత నిశ్శబ్దంగా పోతుంది. మొదటి గేరు నాలుగు దగ్గర ఉంటుంది గనుక బయలుదేరే బలం పాతదానికన్నా ఎక్కువే. ఇరుసునూ గేరుపెట్టెనూ కలిపి ఒకే లెక్కగా చూసినప్పుడు గాని ఈ అందం బోధపడదు. పక్షపాతం లేకుండా చెప్పాలంటే, యంత్రంగా ఇదే మేలైన మార్గం. రోజూ ఆఫీసుకు నడుపుకునే బండి అయితే నేను దీనికే ఓటు వేస్తాను.

కాని గొట్టం లేని బండిలో కడ్డీకి రెండు చివరలా కీళ్ళు ఉంటాయి. ఆ రెండు కీళ్ళ వంపులూ సమానంగా, ఎదురెదురుగా ఉండాలి. లేకపోతే కడ్డీ ప్రతి చుట్టులోనూ రెండుసార్లు త్వరపడి రెండుసార్లు మందగించి బండినంతా వణికిస్తుంది. అందుకని ఇరుసు మీద పట్టీల దిమ్మెలను కొత్తగా అతికించేటప్పుడు బండి తన పూర్తి బరువుతో తన చక్రాల మీదే నిలబడి ఉండగా కోణం చూసుకోవాలి. ముందు చుక్కలుగా అతికించి, మళ్ళీ కొలిచి, అప్పుడు పూర్తిగా వెల్డింగు చేయాలి. ఒక్కసారే వేడి పెడితే ఇరుసు గొట్టాలు వంగిపోతాయి. ఈ పనికి ఒక నెల పడుతుందని తేలింది.

ఆ ఆదివారం విజయవాడకు, మా బాబాయికి, ఫోను చేశాం. ఆయన ఆటోనగరులో నలభై ఏళ్ళు లారీల హౌసింగులు విప్పి బిగించినవారు. తమ్ముడు ఉత్సాహంగా అంకెలన్నీ వల్లించాడు. అంతా విని ఆయన, "ఏరా, పరుగు సంగతి సరే. ఆగడం సంగతి ఏం చూశావు?" అన్నారు.

"వెనక డిస్కు బ్రేకులు వస్తున్నాయి కదా, బాబాయ్."

"ముందువి?"

"పాత డ్రమ్ములే."

"బ్రేకు తొక్కితే బండి బరువంతా ఎటు పోతుంది? ముందుకు. ముందు చక్రాలు పాతవి, వెనకవి కొత్తవి. వాన పడిన రోడ్డు మీద వెనక చక్రాలు ముందే బిగుసుకుపోతే బండి బొంగరం తిరుగుతుంది. వెనక మారిస్తే ముందూ మార్చు. ముందు మార్చకపోతే వెనకా మార్చకు. ఇంతకీ స్టెపినీ సంగతి?"

స్టెపినీ ఆలోచన మాకు ఎవరికీ రాలేదు. ఆ ట్రక్కు చక్రానికి ఆరు బోల్టులు, ఎక్స్‌ప్లోరర్ ఇరుసుకు అయిదు. ముందు చక్రానికి పనికివచ్చే అదనపు చక్రం వెనక పనికిరాదు. 180 మైళ్ళ దారిలో రెండు అదనపు చక్రాలు మోసుకుపోవాలి.

మరునాడు బాబాయి మాటతో బ్రేకుల వైపు చూశాం. 1951 నాటి ఆ ఏర్పాటులో బ్రేకు నూనెకు ఒకే దారి. మాస్టర్ సిలిండర్ కాళ్ళ కింద, నేల పలకకు దిగువన, ఉంటుంది. ఎక్కడ ఒక్క గొట్టం చిట్లినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. రబ్బరు గొట్టాలలో ఒకటి వేలితో వంచితే పగుళ్ళు విచ్చుకున్నాయి. ఆ గొట్టంతో తమ్ముడు ఆ వేసవి అంతా ఊరిలో తిరిగాడు. పిల్లలను కూడా ఎక్కించుకొని. మరదలు ఆ రాత్రి మాట్లాడలేదు.

ఇంక మిగిలిన దారి అందరికన్నా సాదాది. పాత ఇరుసు, పాత గొట్టం, పాత గేరుపెట్టె, ఆరు బోల్టుల చక్రాలు అన్నీ అట్లాగే ఉంచి, పెట్టెలోని క్రౌనునూ పినియన్‌నూ మాత్రం మార్చడం. ఆ పాత హౌసింగులో కూర్చునేటట్లు 39 పళ్ళ క్రౌను, 11 పళ్ళ పినియన్ తయారుచేసి అమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. నిష్పత్తి 3.55. ఈ సంఖ్య షెవర్లేకు పరాయిది కూడా కాదు. 1950లో పవర్‌గ్లైడ్ ఆటోమాటిక్ గేర్లతో వచ్చిన వారి కార్లకు వేసినది ఇదే.

లాభం ఎంత? 60 మైళ్ళ దగ్గర 2960 చుట్లు కాస్తా 2550 అవుతాయి. మరో విధంగా చెప్పాలంటే, ఇంతకుముందు 45 మైళ్ళ దగ్గర ఇంజను పడిన శ్రమనే ఇప్పుడు 52 దగ్గర పడుతుంది. లాగే బలంలో ఏడో వంతు పోతుంది. 75 మైళ్ళ రహదారికి ఇది ఏ మూలకూ చాలదు. తమ్ముడి ముఖం వాడిపోయింది. ఇంత ఖర్చు చేసి ఏడు మైళ్ళా?

అప్పుడు ఆ కాగితాలు పట్టుకొని పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. రెండు మార్గాలూ దాచకుండా చెప్పాం. ఆయన ఎక్స్‌ప్లోరర్ కాగితాన్ని చాలాసేపు చూశారు. మంచి ఇరుసు అన్నారు. కొంతసేపు ఆగి, ఆ పెద్ద రహదారి మీద వెళ్ళాలని ఎవరు చెప్పారు అని అడిగారు. తన తండ్రి ఏనాడూ ఆ దారిన పోలేదనీ, అప్పటికి అది లేనే లేదనీ అన్నారు. వెదర్‌ఫర్డ్ మీదుగా, మినరల్ వెల్స్, బ్రెకెన్‌రిడ్జ్, ఆల్బనీ ఊళ్ళ గుండా పోయే 180వ నంబరు రోడ్డు ఉన్నది కదా అన్నారు.

మేము దేశపటం ముందు పెట్టుకొని ఇరుసు కోసం వెతికాం. రోడ్డు కోసం వెతకలేదు.

పని మూడు వారాలు పట్టింది. పళ్ళచక్రాల పని తప్ప మరొకటి చేయని ఒకాయన షెడ్డుకు బండిని చేర్చారు. గొట్టం ఊడదీయాలంటే ఇరుసునంతా వెనక్కు దొర్లించాలి. కడ్డీ నుంచి పాత పినియన్‌ను వేరు చేయడానికే ఒక రోజు పట్టింది. కొత్త పళ్ళు బిగించాక వాటి మధ్య ఉండవలసిన సందు అంగుళంలో వెయ్యింట ఆరు నుంచి ఎనిమిది వంతులు, అంటే రెండు మూడు వెంట్రుకల మందం. సందు తక్కువైతే వేడెక్కి పళ్ళు అతుక్కుపోతాయి. ఎక్కువైతే యాక్సిలరేటరు తొక్కి వదిలినప్పుడల్లా పళ్ళు కొట్టుకుంటాయి. సందు సరిపోగానే పని అయిపోదు. ఆయన క్రౌను పళ్ళకు పసుపురంగు లేపనం పూసి, చేత్తో త్రిప్పి, ఎక్కడ రాసుకొని చెరిగిందో చూశారు. ఆ మచ్చ పంటి నడుమ పడాలి. అంచున పడితే మళ్ళీ విప్పి పినియన్ వెనక పలుచని రేకు మార్చాలి. నాలుగు సార్లు విప్పారు. పారాణి పెట్టిన పాదంలాగా ఉన్న ఆ చక్రాన్ని నాలుగోసారి చూసి ఆయన తల ఊపినప్పుడు, సరిగా కుదరని వాక్యాన్ని నాలుగుసార్లు తిరగవ్రాసిన రోజులు నాకు గుర్తుకు వచ్చాయి. ఆ మనిషితో మాట్లాడాలనిపించింది గాని, ఆయన మాట్లాడే రకం కాదు.

ఈలోగా తమ్ముడు బ్రేకు గొట్టాలు, చక్రాల సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ అన్నీ కొత్తవి వేయించాడు. వెనక పెద్ద దీపాలు పెట్టించాడు. ఇంకొక చిన్న సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదు. వేగసూచిక గేరుపెట్టె నుంచి నడుస్తుంది. దానికి ఇరుసు మారిన సంగతి తెలియదు. ముల్లు 45 అంటున్నప్పుడు బండి నిజానికి 52తో పోతూ ఉంటుంది. కొలమానపు పళ్ళు దొరికేదాకా అద్దం పక్కన ఒక చీటీ అతికించుకున్నాం.

కొత్త పళ్ళకు మొదట కొంత మర్యాద కావాలి. పదిహేను, ఇరవై మైళ్ళు నెమ్మదిగా నడిపి, బండిని ఆపి, పూర్తిగా చల్లారనివ్వాలి. అట్లా కొన్నిసార్లు చేశాక నూనె మార్చాలి. ఆ నూనెలో మెరుస్తూ కనబడ్డ సన్నని లోహపు పొడిని చూసి నేను భయపడ్డాను. మొదటి నూనెలో అంత మాత్రం ఉంటుందట.

అక్టోబరు చివరి వారంలో, తెల్లవారుజామున, బయలుదేరాం. ట్రక్కులో తమ్ముడు, పెద్దాయన. వెనక కారులో దీపాలు వెలిగించుకొని నేను, మరదలు. ఫోర్ట్ వర్త్ దాటేదాకా నాకు ప్రాణాలు గుప్పిట్లో ఉన్నాయి. వెదర్‌ఫర్డ్ తరువాత రోడ్డు ఖాళీ అయింది. మినరల్ వెల్స్ దాటాక పాలో పింటో గుట్టలలో రెండు చోట్ల బండి రెండో గేరుకు దిగింది. ఆ ఏడో వంతు బలం ఎక్కడ పోయిందో అక్కడ తెలిసింది. మిగతా దారి అంతా 52, 53. వెనక ఎవరైనా వస్తే తమ్ముడు అంచుకు జరిగి దారి ఇచ్చేవాడు. చాలామంది చెయ్యి ఊపి పోయారు.

బ్రెకెన్‌రిడ్జ్‌లో కాఫీ కోసం ఆగినప్పుడు పెద్దాయన ఒక మాట అన్నారని తమ్ముడు చెప్పాడు. పై గేరులో బండి చప్పుడు మారిందట. తన తండ్రి వింటే ఇది తన బండి కాదని అనుకునేవారట. తప్పు చేశామా అని తమ్ముడు అడిగితే, ఆయన తల అడ్డంగా ఊపి, ఆ చప్పుడులో తామిద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేకపోయేవారని, ఇప్పుడు తాను రెండు గంటలుగా మాట్లాడుతూనే ఉన్నానని అన్నారట.

మధ్యాహ్నానికి ఆ చిన్న శ్మశానం చేరాం. చుట్టూ కోతకు సిద్ధమైన పత్తి. ఆయన సమాధి దగ్గర ఉన్నంతసేపూ మేము దూరంగా నిలబడ్డాం. తిరిగి వచ్చి, ఆయన తిన్నగా బండి వెనకకు నడిచారు. ఒక చేత్తో మడ్గార్డు పట్టుకొని, మోకాలు వంచలేక వంచి, రెండో చెయ్యి ఇరుసు నడుమ ఉన్న ఆ గుండ్రని పెట్టె మీద ఆనించారు. కాలుతుందేమోనని తమ్ముడు ముందుకు వచ్చాడు. ఆయన చెయ్యి తీయలేదు. చెయ్యి ఆనించి పది లెక్కపెట్టగలిగితే పళ్ళు సరిగా ఉన్నట్లట. ఊరు చేరిన ప్రతిసారీ తండ్రి అట్లాగే చూసేవారట. ఆయన పది దాటి కూడా లెక్కపెడుతూ ఉన్నారు.

పాత క్రౌనుకూ పినియనుకూ నూనె రాసి, గోనెగుడ్డలో చుట్టి, షెడ్డులో పై అర మీద పెట్టారు. ఎప్పుడైనా తిరిగి వేసుకోవచ్చు. గుడ్డ మీద తమ్ముడు సుద్దముక్కతో 37, 9 అని వ్రాసి ఉంచాడు.